ప్రార్థన చేస్తున్నా నోరు పెగలడం లేదంటే విశ్వాసం తక్కువనా?

వందనాలమ్మా.

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇదీ. గుణుపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నారు. ప్రతినెలా పదో తారీఖున జీతాల రిజిస్టర్లో ఒక అంకె ఎదురుగా సంతకం పెట్టించుకుని, చేతికి అంతకంటే తక్కువ ఇస్తున్నారు. స్కూలు యజమాని మీ సంఘంలోనే ముందు వరుసలో కూర్చునే పెద్దమనిషి. స్టాఫ్ మీటింగంతా ఒడియాలో జరుగుతుంది. మీకు అర్థమవుతుంది గాని తిరిగి మాట్లాడాలంటే తడబాటు. ధైర్యం ఇమ్మని నెలల తరబడి ప్రార్థన చేస్తున్నారు, అయినా ఆయన ఎదుట నిలబడేసరికి గొంతు ఎండిపోతోంది. "క్రైస్తవులం, సహించాలి" అని ఇంట్లో అంటున్నారు. లోపం నా విశ్వాసంలోనే ఉందా అన్నది మీ ప్రశ్న.

లేదమ్మా. ముందు ఆ భారం దించేసుకోండి. భయం పోయాక మాట్లాడదామని కాచుకుని కూర్చోకండి. భయం ఉండగానే, మీరు కళ్లారా చూసిన సంగతిని ఒకటి రెండు మాటల్లో, పక్కన ఒక మనిషిని తోడు పెట్టుకుని చెప్పండి. ప్రార్థనలో కూడా "నా భయం తీసెయ్యి ప్రభువా" అని కాకుండా "నాకు మాట ఇవ్వు, తోడు ఇవ్వు" అని అడిగి చూడండి. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా రాస్తాను.

నాది పర్లాకిమిడి. నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘంలో స్త్రీల సమాజం పని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. నోరు విప్పలేక నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో విశ్వాసం లేనివాళ్లు నాకు కనపడలేదు. కనపడినదల్లా, ధైర్యం అంటే గుండె దడ ఆగిపోవడం అనుకుని, అది ఆగే రోజు కోసం ఎదురుచూడడం.

అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం తీయండి. యేసు శిష్యులు పేతురు, యోహాను యూదుల పెద్దల మహాసభ ఎదుట నిలబడ్డారు. చదువులేని పామరులని ఆ పెద్దలే గుర్తించారు. ఇక మీదట యేసు పేరు ఎత్తవద్దని బెదిరిస్తే వాళ్లిచ్చిన జవాబు చిన్నది: "మేము కన్నవాటిని విన్నవాటిని చెప్పక యుండలేము." బయటికొచ్చి తమవాళ్లతో కలిసి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో బెదిరింపుల సంగతి దేవుని ముందు పెట్టారు గాని, బెదిరించేవాళ్లను తొలగించమని అడగలేదు. ధైర్యంగా మాట్లాడేలా చెయ్యమని అడిగారు. నన్ను ఎప్పుడూ పట్టి ఆపేది ఈ చోటే. అంతకుముందే అంత గట్టిగా మాట్లాడి వచ్చినవాళ్లు, మళ్లీ ధైర్యం ఇమ్మని ఎందుకు అడిగారు? నిన్నటి ధైర్యం ఇవాళ్టికి సరిపోలేదు గనక. ఒక్కసారి పుచ్చుకుంటే జన్మంతా ఉండిపోయేది కాదది. ఏ పూటకాపూట అడగాల్సిందే. కాబట్టి మీరు మళ్లీ మళ్లీ అడుగుతున్నందుకు సిగ్గుపడనక్కర్లేదు.

అదే అధ్యాయంలో ఇంకొకటి ఉంది, దీన్ని ప్రసంగాల్లో తక్కువ విన్నాను. అంతకుముందే వాళ్లు యేసు పేరున బాగుచేసిన కుంటివాడు వాళ్ల పక్కనే నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి ఆ పెద్దలు ఎదురు చెప్పలేకపోయారు. పేతురు ఒంటరిగా వెళ్లలేదు. పక్కన యోహాను, ఇంకోపక్క కళ్లముందు కనపడే రుజువు. ఈ పేతురే కదా, కొద్దివారాల ముందు చలిమంట దగ్గర ఒక పనిపిల్ల యేసు గురించి అడిగితే "ఆయన్ని ఎరగను" అన్నది? ఆ రాత్రి అతను ఒంటరి. తిరిగి లేచిన ప్రభువును చూడడం అతన్ని మార్చింది, అది అసలు సంగతి. కానీ పక్కన మనుషులున్నారన్నది కూడా లేఖనం రాసిపెట్టింది.

ఇక నా పనిలో నేను చూసినది. కుర్ర నర్సుగా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. మన కొండ ప్రాంతాల సవర గిరిజనుల ఊళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారని మీకు తెలుసు. ఆ రాత్రి వార్డులో ఒకే పేరుతో గొమాంగో అన్న ఇంటిపేరున్న ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, ఒకామెకు రక్తం ఎక్కించాలి. పెద్ద డాక్టరు హడావిడిలో ఉన్నారు, అప్పటికే కోపంగా ఉన్నారు. రక్తం ఎక్కించేముందు ఇద్దరు సరిచూడాలన్నది నియమం. వేరే గ్రూపు రక్తం ఎక్కితే ప్రాణం పోవచ్చు. బ్యాగు మీది నంబరు, కేస్‌షీట్ మీది నంబరు కలవలేదు. నా చేతులు వణుకుతున్నాయి. లోపల "ప్రభువా, నోరు" అన్న రెండు మాటలు తప్ప ప్రార్థన ఏదీ రాలేదు. "సార్, ఈ బ్యాగు మీద నంబరు, ఈమె కేస్‌షీట్ నంబరు ఒకటి కాదు" అన్నాను. అంతే. ఆయన విసుక్కున్నారు, తర్వాత చూశారు, బ్యాగు వెనక్కి పంపించారు. కొన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు కూడా.

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నేను ఆయన్ని తప్పుపట్టలేదు. "మీరు జాగ్రత్తగా లేరు" అనలేదు. అలా అనాల్సి వచ్చుంటే నోరు వచ్చేది కాదు. నా కంటికి కనపడిన రెండు నంబర్లు చదివాను. చదవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. తీర్పు చెప్పబోతే గొంతు పట్టేస్తుంది, చూసినది చెప్పబోతే పట్టదు. "కన్నవాటిని విన్నవాటిని" అన్న మాట నాకు ఆ రాత్రి తర్వాతే నిజంగా తలకెక్కింది.

అసలు మీకు మాట్లాడడం రాదన్నది నేను నమ్మను. శుక్రవారం ఉపవాస కూటంలో గాని, గృహ ప్రార్థనలో గాని సాక్ష్యం చెప్పారా ఎప్పుడైనా? మన తెలుగు సంఘాల్లో, ఇటు పర్లాకిమిడిలోనైనా అటు పాతపట్నంలోనైనా, ఇంట్లో మామగారి ముందు నోరెత్తని కోడలు కూడా తలమీద కొంగు వేసుకుని లేస్తుంది. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అంటుంది. బిడ్డకు జ్వరం ఎప్పుడొచ్చిందో, ఎవరు ప్రార్థన చేశారో, ఎప్పుడు తగ్గిందో చెప్పి కూర్చుంటుంది. యాభైమంది ఎదుట మాట్లాడినట్టే కదా! ఏమైంది, ఎప్పుడైంది, ఎవరికైంది, అంతే చెబుతుంది. మీ జీతం సంగతి కూడా అలాగే చెప్పవచ్చు. కాకపోతే ఒక జాగ్రత్త. సాక్ష్యాల్లో కాస్త పెంచి చెప్పడం మనలో కొందరికి అలవాటు. అది ఇక్కడ అసలు పనికిరాదు. రూపాయి ఎక్కువ చెప్పినా మీ మాట పడిపోతుంది.

"సహించాలి" అన్నదాని గురించి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. సహించడం మన విశ్వాసంలో పెద్ద గుణమే, కాదనను. కానీ జీతం బిగపట్టే విషయంలో లేఖనం సహించమని చెప్పలేదు. లేవీయకాండము పందొమ్మిదో అధ్యాయంలో కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని ఆజ్ఞ ఉంది. యాకోబు ఐదో అధ్యాయం ఇంకా తీవ్రంగా మాట్లాడుతుంది. మోసంగా బిగపట్టిన కూలి తానే మొర్రపెడుతుందని, ఆ కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిలో పడ్డాయని. మీరు ఊరుకున్నా ఆ డబ్బు ఊరుకోవడం లేదు. అలాంటప్పుడు మీరు నోరు విప్పితే అది తిరుగుబాటు ఎలా అవుతుంది?

అధికారులకు లోబడమన్న పౌలునే చూడండి. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి చెరలో వేసి, మర్నాడు చప్పుడు చెయ్యకుండా వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని అందరి ఎదుట కొట్టించారు, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. మన ప్రభువు హేరోదు ఎదుట ఒక్క మాటా మాట్లాడలేదు, నిజమే. కానీ ప్రధానయాజకుని ఇంట్లో బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, మంచి మాట మాట్లాడితే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. మళ్లీ కొట్టలేదు, తిట్టలేదు. అడిగాడు. ఎప్పుడు మౌనం, ఎప్పుడు మాట అన్నది ఆయన దగ్గరే నేర్చుకోవాలి. హేరోదుకు తమాషా కావాలి, అక్కడ మాట వృథా. ఇక్కడ అన్యాయం జరిగింది, మాట అవసరం.

"స్త్రీలు సంఘములో మౌనముగా ఉండవలెను" అని మీ మీద ఎవరైనా ప్రయోగిస్తే, ఆ మాట ఉన్న మొదటి కొరింథీ పత్రికలోనే పదకొండో అధ్యాయంలో పౌలు ప్రార్థన చేసే, ప్రవచించే స్త్రీల గురించి రాశాడని చెప్పండి. ప్రిస్కిల్ల భర్తతో కలిసి అపొల్లోకు వాక్యాన్ని విడమరిచి చెప్పింది. అయినా స్కూలు జీతం అడగడానికి ఆ వచనంతో పనేముంది?

క్షమించడం గురించి కూడా మీ ఇంట్లో అంటారు, తప్పకుండా అంటారు. మన ఒడిశాలోనే సేవ చేసిన గ్లాడిస్ స్టెయిన్స్ గారిని చూడండి. 1999 జనవరిలో కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహంను, ఇద్దరు చిన్నపిల్లల్ని జీపులో సజీవదహనం చేశారు. ఆమె క్షమిస్తున్నానని అందరి ఎదుట చెప్పారు. బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ ఆమె క్షమించినంత మాత్రాన జరిగినది జరగలేదని ఎవరూ అనలేదు. కేసు నడిచింది, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన ముద్దాయికి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. క్షమాపణ హృదయంలో జరిగే పని. నిజం చెప్పడం నోటితో జరిగే పని. రెండోది ఆపేస్తేనే మొదటిది జరుగుతుందన్నది ఎక్కడా రాసి లేదు.

ఇక మన ప్రాంతం సంగతి. మనకు ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసులో ఒడియా. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పటి నుంచి మన తాతముత్తాతలది ఇదే బతుకు. ఒడియా సరిగా రాదన్న సిగ్గు చాలామంది నోళ్లు కట్టేసింది. మోషే కూడా ఇదే చెప్పాడు కదా, నాకు నోటి మాంద్యం, నాలుక మాంద్యం అని. దేవుడికి కోపం వచ్చింది గాని, అతని తరఫున మాట్లాడడానికి అన్న అహరోనును ఇచ్చాడు. మీ తరఫున మాట్లాడే మనిషిని వెంట తీసుకెళ్లడం విశ్వాసం లేకపోవడం కాదు. మీతోపాటు తక్కువ జీతం తీసుకుంటున్న టీచర్లలో ఒడియా బాగా వచ్చినావిడ ఉండే ఉంటుంది. మీరు చెప్పదలచుకున్నది ముందు తెలుగులో రాసుకోండి, ఆవిడ చేత ఒడియాలో చెప్పించుకుని తెలుగు లిపిలో రాసుకోండి. "ఆజ్ఞా, గోటే కథా కహిబి" అని మొదలుపెడితే ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు, తర్వాత చదివేయవచ్చు. కాగితం చూసి చదివితే తప్పేం లేదు.

ఇంకో చిన్న మాట. ప్రార్థన మన నోటి తెలుగులో చెయ్యండి. పాత బైబిలు తర్జుమా భాషలోనే దేవుడికి వినపడుతుందని కొందరి భ్రమ. వాడుక భాష కోసం ఊళ్లూ తిరిగి వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే. ఆయన వాదన బడి పుస్తకాల కోసం, మన ప్రార్థనకు కూడా అది వర్తిస్తుందని నాకనిపిస్తుంది. "ప్రభువా, పదో తారీఖున ఆయన గదిలోకి వెళ్లాలి, కాళ్లు వణుకుతున్నాయి, ఈ రెండు మాటలు చెప్పించు" అని అడగండి. దేవుడి ముందు ఉన్నదున్నట్టు చెప్పే నోటికి మనిషి ముందు చెప్పడం కొంత తేలికవుతుంది. హన్నాను చూడండి. మందిరంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ కడుపులోని బాధంతా కుమ్మరించుకుంది. ఏలీ ఆమె తాగి ఉందనుకుంటే, అంత పెద్ద యాజకుడికి అక్కడికక్కడే "అది కాదు నా యేలినవాడా" అని చెప్పగలిగింది.

మత్తయి పద్దెనిమిదో అధ్యాయం మీరే ప్రస్తావించారు. తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి మొదట ఒంటరిగా వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరితో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలని. ఒంటరిగా వెళ్లాలా అని అడిగారు. నా సలహా, వద్దు. జీతమిచ్చే మనిషి గదిలోకి, వయసులో ఉన్న ఆడపిల్ల ఒక్కతే వెళ్లి తలుపు వేసుకుని మాట్లాడమన్నది ప్రభువు ఉద్దేశం అని నేననుకోను. ఆ మొదటి మెట్టు ఎదుటి మనిషి పరువు కాపాడడానికి పెట్టినది. మీతో ఇంకో టీచరును తీసుకెళ్లినా, పదిమంది ఎదుట కాకుండా విడిగా మాట్లాడితే ఆ పరువు దక్కినట్టే. స్టాఫ్ మీటింగులో, వాట్సాప్ గ్రూపులో, ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అడగకండి.

ఆయన పెద్దరికం గురించి భయపడుతున్నారు కదా. ప్రభు బల్ల దగ్గర ఆయనకూ మీకూ ఒకే రొట్టె, ఒకే గిన్నె. కొరింథులో డబ్బున్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను ఆకలితో ఉంచితే, మీరు కూడి తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు పౌలు. మన చిన్న ఊళ్లలో ఎవరూ చావుకు భయపడి నోరు మూసుకోరు. పేరు పోతుందని, చెల్లెలి సంబంధం చెడుతుందని, సంఘంలో చోటు పోతుందని మూసుకుంటారు. మీ చోటు ఆ పెద్దమనిషి ఇచ్చినది కాదు గనక ఆయన తీసెయ్యలేడు. నాకు తెలిసి విశ్వాసం ఇచ్చే ధైర్యంలో పునాది రాయి ఇదే. వణుకు తగ్గుతుందో లేదో గాని, చివరి తీర్పు ఆ గదిలో లేదన్నది తెలుస్తుంది. "దేవుడు మనకు శక్తియు ప్రేమయు, ఇంద్రియ నిగ్రహమునుగల ఆత్మనే యిచ్చెను" అని తిమోతికి రాసిన పౌలే, కొరింథుకు వెళ్లినప్పుడు భయంతో, ఎంతో వణుకుతో ఉన్నానని ఒప్పుకున్నాడు. ఆ ఆత్మ, ఆ వణుకు ఒకే మనిషిలో ఉన్నాయి.

ఇంకొకరి సంగతి చెబుతాను. మా సంఘంలో ఒకావిడ తండ్రి పోయారు. పర్లాకిమిడిలో సొంత ఇల్లు, ఇద్దరు అన్నదమ్ములు. ఆడపిల్లకు పెళ్లిలోనే అంతా ఇచ్చేశామని వాళ్ల మాట. ఆవిడ నోరెత్తితే డబ్బు కోసం రక్తసంబంధం తెంచుకుంది అంటారని భయం. మేమిద్దరం కూర్చుని సంఖ్యాకాండము ఇరవై ఏడో అధ్యాయం చదివాం. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని పేర్లతో సహా రాసి ఉంది. ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజం ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో భాగం అడిగారు. మోషేకు వెంటనే జవాబు తెలియలేదు, దేవుని దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లు చెప్పినది యుక్తమే అని దేవుడు అన్నాడు. ఆడవాళ్లు అడిగిన ప్రశ్న వల్ల ఇశ్రాయేలుకు ఒక కట్టడ వచ్చింది! ఆవిడ ఆ అధ్యాయం అంతవరకు ఎప్పుడూ చదవలేదు, ఎవరూ దాని మీద ప్రసంగం చెప్పలేదు.

చట్టం కూడా ఆవిడ వైపే ఉంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు పోగా మిగతాది కొడుకులకు, కూతుళ్లకు సమానం. (గిరిజన కుటుంబాల సంగతి వేరుగా కనుక్కోవాలి.) జ్ఞాపకార్థ కూడిక రోజున మాట్లాడవద్దన్నాను. కొన్నాళ్లు ఆగి, మేనమామ ఎదుట, "అన్నయ్యా, నాన్న ఇంట్లో నా వాటా గురించి మాట్లాడాలి" అని ఒక్క మాట చెప్పింది. ఆ రోజు అన్నం ముట్టకుండా లేచిపోయారు అన్నలు. చివరికి కాగితం రాశారు గాని, ఒక వదిన ఇప్పటికీ వాళ్లింటికి రావడం లేదు. ఇది మీకు దాచను. మాట్లాడితే అంతా చక్కబడుతుందని వాగ్దానం లేదు.

కొన్ని చోట్ల మాత్రం ఆగాలి.

ఇంట్లో తాగి కొట్టే భర్త ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నేను పైన చెప్పినది మీకు కాదు. బైబిల్లో నాబాలు తాగి ఉన్న రాత్రి అతని భార్య అబీగయీలు ఏమీ చెప్పలేదు, తెల్లవారి మత్తు దిగాక చెప్పింది. అంతకుముందే ఇంటిని కాపాడే పని చేసేసింది. దెబ్బల ఇంట్లో మొదట మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు చూసుకోవాలి, తర్వాతే మాట. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యడం అవిశ్వాసం కాదు.

రెండోది, మతం కలపకండి. స్కూల్లో మాట్లాడేటప్పుడు వచనాలు ఎత్తవద్దు. ఒడిశాలో 1967 నుంచే, మతమార్పిడులను కట్టడి చేసే మతస్వాతంత్ర్య చట్టం ఉంది. 2008లో పక్కనున్న కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడులు మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ తర్వాత దేనికీ నోరెత్తకుండా బతకడం అలవాటు చేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. వాళ్లను పిరికివాళ్లని నేననను. జీతం మాట జీతం మాటగానే ఉంటే దాన్ని ఎవరూ వేరే దారికి తిప్పలేరు. వచనాలు మీ గుండెలో ఉంటే చాలు.

ఇక పదో తారీఖు. దానికి ముందు ఒక నోటుబుక్కులో ప్రతినెలా ఏ తేదీన, ఎంతకు సంతకం పెట్టారు, ఎంత చేతికొచ్చింది, ఎవరిచ్చారు రాసుకోండి. కుంటివాడు పక్కన నిలబడ్డాడన్నాను కదా, మీకు ఆ నోటుబుక్కు అలా నిలబడుతుంది. ఇంట్లో మీ ఆయనతో కూర్చుని, ఉద్యోగం పోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలరో లెక్క చూసుకోండి. ఎస్తేరు "నేను నశించిన నశించెదను" అన్నది ఊరికే కాదు. మూడు రోజులు తనవాళ్లందరి చేత ఉపవాసం చేయించి, రాణి వస్త్రాలు కట్టుకుని రాజు ఎదుటికి వెళ్లింది. వెళ్లాక కూడా మొదటి విందులో అడగలేదు, రెండోదాకా ఆగింది. ఆ లెక్క చూశాక ఇప్పుడు కుదరదు అనిపిస్తే, వేరే ఉద్యోగం దొరికేదాకా ఆగవచ్చు. ఆగడం వేరు, తప్పును ఒప్పు అనుకోవడం వేరు.

చెప్పాల్సింది రెండు వాక్యాలు చాలు. "సార్, రిజిస్టర్లో రాసినంత మా చేతికి రావడం లేదు. వచ్చే నెల నుంచి జీతం బ్యాంకు ఖాతాలో వేస్తారా?" ఒకటి చూసినది, ఇంకొకటి అడిగేది. "మోసం" అన్న మాట వద్దు. ముందురోజు రాత్రి బయటికి వినపడేలా చదివి చూసుకోండి. నోరు ఆ మాటలకు అలవాటు పడాలి. నర్సుగా ఒక మాట. గొంతు ఎండినప్పుడు గుక్కెడు నీళ్లు తాగి, ఊపిరి పీల్చడం కంటే వదలడం నెమ్మదిగా చెయ్యండి, దడ కొంత దిగుతుంది. విడి కాగితం వణుకుతూ కనపడుతుంది, నోటుబుక్కు మీద పెట్టి పట్టుకోండి. మీరు లోపలికి వెళ్లే వేళకు సంఘంలో నమ్మకమైన ఒకరిద్దరు అక్కలకు చెప్పి ప్రార్థనలో ఉండమనండి, విషయం చెప్పకపోయినా ఫర్వాలేదు.

ఆయన కాదంటే పాస్టరుగారిని, ఒక పెద్దను కలిపి కూర్చోబెట్టమని అడగండి. అక్కడా తేలకపోతే రాయగడలో జిల్లా కార్మిక అధికారి ఆఫీసు ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది, న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. సంఘంలో తేలని అన్యాయాన్ని ప్రభుత్వం దగ్గరికి తీసుకెళ్లడం తప్పని కొందరు మొదటి కొరింథీ పత్రిక ఆరో అధ్యాయం చూపిస్తారు. మీలో తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అని పౌలు సిగ్గుపరిచింది సంఘాన్ని. సంఘం తీర్చకపోతే ఆ వచనం సంఘాన్నే అడుగుతుంది, మిమ్మల్ని కాదు.

పదో తారీఖున తీరా నిలబడ్డాక నోరు రాకపోతే, ఆ రెండు వాక్యాలు రాసిన కాగితం కింద మీరూ మీతో వచ్చినావిడా సంతకాలు పెట్టి, తేదీ వేసి, ఆయన బల్ల మీద పెట్టి రండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.